చీరను గుమ్మం దాకా ఎందుకు తెస్తారు?

కరోల్ బాగ్‌లో అజ్మల్ ఖాన్ రోడ్డు మీది పెళ్లిబట్టల కొట్లో ఓ పావుగంట కూర్చోండి. పట్టుచీర బేరం దాదాపు తెగింది. కొట్టు కుర్రాడు కొంగు తన భుజానే వేసుకుని అటూ ఇటూ తిరిగి చూపించాడు కూడా. అంతలో పెళ్లికూతురి మేనత్త లేచి, "ఒక్కసారి బయటి వెలుతుర్లో చూద్దాం పదవే" అంటుంది. చీరతో సహా అందరూ గుమ్మం దాకా వస్తారు. లోపల ఇటుకపొడి రంగులో నీరసంగా ఉన్న ఎరుపు, ఎండ తగలగానే కుంకుమలా భగ్గుమంటుంది. మేనత్త గెలిచినట్టు చూస్తుంది. కొట్టు యజమాని కూడా నవ్వుతాడు గానీ, అది ఆయన నవ్వాల్సిన సందర్భం కాదు. గుమ్మం దాకా రాకుండానే లేచిపోయిన బేరాలు ఎన్నో ఆయనకు తెలియదు కదా. తప్పు చీరది కాదు, నేసినవాడిదీ కాదు. నెత్తిమీద ఫాల్స్ సీలింగ్‌లో బిగించిన దీపాలది.

ఢిల్లీ తెలుగువాళ్లకు కరోల్ బాగ్ పాత చుట్టం. పక్కనే ప్రసాద్ నగర్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడి ఉంది. ఆ సొసైటీని దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించారు. ఇటు ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో సివిల్స్ చదువుకునే మన పిల్లలు. పెళ్లిళ్ల రోజుల్లో ఈ వీధుల్లో తెలుగు మాట చెవిన పడకుండా నడవడం కష్టం. అందుకే ఈ కొట్ల దీపాల సంగతి మనకూ కాస్త సంబంధించినదే.

ఆ దీపాల పుట్టిల్లు ఎక్కడ? కొట్టువాడు చాందినీ చౌక్‌లోని భగీరథ్ ప్యాలెస్‌లో కొంటాడు. అది ఒకప్పుడు బేగం సమ్రు హవేలీ, ఇప్పుడు కరెంటు సామాన్ల టోకు బజారు. అక్కడి పెట్టెల్లో చాలావాటి జాడ తీస్తే చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి, ముఖ్యంగా ఝోంగ్‌షాన్ పరిధిలోని గుజెన్ అనే పట్టణానికి చేరతాం. ఆ ఊళ్లో దీపాలు తయారుచేయని వీధి వెతుక్కోవాలి. ఈమధ్య మధ్యవర్తి ఎందుకని, ఫోనులోనే బేరమాడి నేరుగా తెప్పించుకునేవాళ్లు పెరిగారు. చిక్కంతా ఇక్కడ మొదలవుతుంది. బియ్యమైతే నాలుగు గింజలు నోట్లో వేసుకుంటాం. గుడ్డయితే పోగు లాగి చూస్తాం. దీపాన్ని ఎలా చూస్తాం? స్విచ్చి వేస్తాం, వెలుగుతుంది, "బాగుంది" అంటాం. దీపం లోపాలు చాలామటుకు అది వెలుగుతున్నప్పుడే, ఆ వెలుగులోనే దాక్కుంటాయి. పైగా మన కన్ను మహా సర్దుబాటు మనిషి. పసుపు దీపం కిందికి వెళ్లినా, నీలి దీపం కిందికి వెళ్లినా కాసేపట్లో తెల్లకాగితం తెల్లగానే ఉందని నమ్మిస్తుంది. సంసారానికి పనికొచ్చే గుణం, సరుకు కొనడానికి పనికిరాదు.

ముందు ఆ ఎరుపు సంగతి తేల్చుకుందాం. ఎల్ఈడీలో పుట్టేది తెల్లని వెలుగు కాదు, నీలం. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. నీలి చిప్పు మీద పసుపుపచ్చని ఫాస్ఫర్ పూత పూస్తారు. కొంత నీలం పూతలోంచి అలాగే బయటపడుతుంది, కొంత పసుపుగా మారుతుంది, రెండూ కలిస్తే కంటికి తెలుపు. ఈ తెలుపులో నీలం దండిగా ఉంటుంది, పసుపు ఉంటుంది, ముదురు ఎరుపు మాత్రం పిసినారి పెట్టిన నెయ్యిలా ఉంటుంది. ఎర్రచీర ఎర్రగా కనబడాలంటే దాని మీద పడే వెలుగులో ఎరుపు ఉండాలి కదా! లేని రంగును చీర ఎక్కడి నుంచి తెచ్చి మన కంటికి విసురుతుంది? ఎరుపును పుట్టించే ఫాస్ఫర్ కూడా కలిపితే ఈ లోటు తీరుతుంది గానీ, దానికి ఖర్చెక్కువ, వెలుగు కాస్త తగ్గుతుంది. చౌకలో చేసేవాడు మొదట కోసేది అక్కడే.

దీన్ని కొలవడానికి సీఆర్ఐ అనే అంకె ఉంది. చాలా దీపాల పెట్టెల మీద 'సీఆర్ఐ 80' అని గర్వంగా రాసి ఉంటుంది. 100 అంటే నిండు మార్కులు. కాని ఈ పరీక్షలో ఒక తిరకాసు ఉంది. సగటు తీసేది ఎనిమిది రంగుల మీద, ఆ ఎనిమిదీ వెలిసినట్టుండే లేత రంగులు. నిండు ఎరుపు తొమ్మిదో నమూనా. వ్యాపారంలో దాన్ని 'ఆర్9' అంటారు. అది సగటులోకి రాదు. కాబట్టి 80 మార్కులు తెచ్చుకున్న దీపం ఎరుపులో సున్నా దగ్గర ఉండవచ్చు, సున్నా కిందికి పోయినా పోవచ్చు. లెక్కల్లో తప్పి, మిగతా పేపర్లతో ఫస్టు క్లాసు తెచ్చుకున్న కుర్రాడిలాగ. కరోల్ బాగ్ లాంటి చోట అమ్మేవేమిటి? పెళ్లి లెహంగాలు, పట్టుచీరలు, కెంపుల నగలు, బంగారం. అంటే ఈ బజారు మొత్తం ఏ పేపరు మీద బతుకుతోందో, సరిగ్గా ఆ పేపరే ఈ మార్కుల్లో లేదు. అందుకే ఆర్డరులో 'సీఆర్ఐ 90కి తగ్గకూడదు' అని రాసి వదిలేస్తే చాలదు. 'ఆర్9 కనీసం 50' అని విడిగా రాయించుకోవాలి. రాయించుకున్నాక కొలిపించుకోవాలి.

ఎక్కడ కొలుస్తారు? నాకు ముచ్చటగొలిపే విషయం ఇదే. ఈ కొట్లకు కూతవేటు దూరంలో, పూసాలో, కె.ఎస్. కృష్ణన్ మార్గ్‌లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఉంది. 1947 జనవరి 4న నెహ్రూ దానికి పునాదిరాయి వేశారు. తొలి డైరెక్టరు, సి.వి. రామన్‌తో కలిసి పనిచేసిన కృష్ణన్ గారే. మీటరు, కిలో, సెకను లాగే కాంతి తీవ్రతకు కొలమానమైన కాండెలాను కూడా దేశం తరఫున కాపాడేది ఆ ప్రయోగశాలే. దేశంలో వెలుగును కొలిచే తక్కెళ్లన్నీ చివరికి తమ తూకం సరిచూసుకునేది అక్కడి కొలతతోనే. ఆ గోడ ఇవతల, వెలుగును అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కన్ను చికిలించి "బాగుంది" అనుకుంటుంటారు. వ్యాపారి తన బల్బు పట్టుకుని జాతీయ ప్రయోగశాలకే పరుగెత్తనక్కర్లేదు. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రాలు ఉన్నాయి, ఓఖ్లాలోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ పరీక్షాశాల ఒకటి. అక్కడ లోపలంతా తెల్లటి పూత పూసిన పెద్ద బోలు గోళం ఉంటుంది. దీపాన్ని దాని నడిమధ్య వెలిగిస్తే, వెలుగు గోడల మీద పడి పడి లోపలంతా సమంగా పరుచుకుంటుంది. ఒక చిన్న కిటికీ దగ్గర కొలిస్తే చాలు, అన్ని వైపులా పోయే వెలుగు మొత్తం లూమెన్లలో తేలుతుంది. వాట్లు, రంగు, సీఆర్ఐ, ఆర్9 అన్నీ ఒకే విడతలో. ఈ పరీక్షకు మన దేశంలో ఐఎస్ 16106 ప్రమాణం. ఒక కంటైనరు ఖరీదు ముందు దీని ఖర్చు లెక్కలోకి రాదు.

అసలు వాట్లతో మొదలుపెట్టే అలవాటే పొరపాటు. వాటు దీపం తినేది, లూమెన్ అది పెట్టేది. పాత ఫిలమెంటు బల్బు రోజుల్లో తిండిని బట్టి పని తెలిసేది. ఇప్పుడలా కాదు. '12 వాట్లు' అని అచ్చువేసినది నిజంగా ఏడో ఎనిమిదో తీసుకుంటుంటే, ప్లగ్గుకి తగిలించే చిన్న వాట్ మీటరు ఆ గుట్టు నిమిషంలో విప్పుతుంది. మీటరు లేకపోయినా మరో గుట్టు విప్పవచ్చు. దీపం ముందు పెన్సిలు పట్టుకుని వేగంగా ఊపండి. పెన్సిలు మసకగా అలికినట్టు కనబడితే సరే. విడివిడి పెన్సిళ్లు విసనకర్రలా కనబడితే ఆ దీపం మిణుకుతోంది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, కాబట్టి చౌక దీపం సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను సాపు చేయాల్సింది డ్రైవర్‌లోని కెపాసిటర్, మన ఎలక్ట్రీషియన్లు కండెన్సర్ అనే ఉద్యోగి. అతన్ని పీకేస్తే కొన్ని రూపాయలు మిగులుతాయి. కొట్లో పది గంటలు నిలబడే కుర్రాడికి తలనొప్పి ఎందుకొస్తోందో ఎవరూ దీపాన్ని అడగరు.

ఇక ఆయుర్దాయం. పెట్టె మీద 'జీవితకాలం 50,000 గంటలు' అని ఉంటుంది. రోజుకు 12 గంటలు వెలిగించినా 11 ఏళ్లు దాటుతుంది. ఎవరు వెలిగించి చూశారు? ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. ఎల్ఎం-80 అనే పరీక్షలో ఎల్ఈడీలను కనీసం 6,000 గంటలు, అంటే 250 రోజులు వెలిగించి, వెలుగు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ గీతను ముందుకు పొడిగించి, వెలుగు 70 శాతానికి ఎప్పుడు పడిపోతుందో అంచనా కడతారు. ఈ పొడిగింపుకీ ఓ హద్దుంది: పరీక్షించిన కాలానికి ఆరు రెట్లు మించి చెప్పకూడదు. 6,000 గంటల పరీక్షకు 36,000 గంటలే దక్కుతాయి. 50,000 అనాలంటే 8,300 గంటలకు పైగా వెలిగించి ఉండాలి. కాబట్టి అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: "మీ ఎల్ఎం-80 పరీక్ష ఎన్ని గంటలది?" జవాబుకు ఎంతసేపు పడుతుందో గమనించండి.

జవాబు వచ్చినా అది చిప్పుకే వర్తిస్తుంది, దీపానికి కాదు. దీపంలో చిప్పు కంటే ముందు చచ్చేది డ్రైవరు. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు ఒక మొరటు లెక్క ఉంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. ఎల్ఈడీ తీసుకున్న కరెంటులో సగం కంటే ఎక్కువ వేడిగానే పోతుంది. ఆ వేడి వెనకనున్న అల్యూమినియం ద్వారా గాలిలోకి పోవాలి. కరోల్ బాగ్ కొట్లో కింద ఏసీ చల్లగా ఉంటుంది గానీ, జిప్సం సీలింగ్‌కి పైన మూసుకుపోయిన జానెడు సందులో ఢిల్లీ జూన్ నెల పేరుకుని ఉంటుంది. 25 డిగ్రీల గదిలో పరీక్షించిన దీపానికి అది కొత్త ఊరు కాదు, కొత్త గ్రహం. ఆర్డరిచ్చేటప్పుడు 'చుట్టూ 50 డిగ్రీల వేడిలో పనిచేయాలి, కెపాసిటర్ 105 డిగ్రీల రకం కావాలి' అని రాయండి. నమూనా వచ్చాక చేతిలో పట్టుకుని తూచండి కూడా. రెండు నమూనాలు ఒకే వాట్లయి, ఒకటి దూదిలా తేలిగ్గా ఉంటే, అందులోంచి అల్యూమినియం మాయమైందని అనుమానించవచ్చు.

మన ఊరి కరెంటుకు సొంత స్వభావం ఉంది. కాగితం మీద 230 వోల్టులు. వీధిలో న్యూట్రల్ తెగితే, ఇళ్లలోకి 400కి దగ్గరగా వచ్చే ప్రమాదముంది. మన తయారీదారులు చాలామంది 440 వోల్టులను తట్టుకుంటుందని పెట్టె మీద రాసేది అందుకే. గుజెన్ ఇంజనీరుకు మన స్తంభం సంగతి తెలియదు, మనమే చెప్పాలి. ఇంతకంటే అమాయకమైన పొరపాటు ఇంకోటి ఉంది. ప్రపంచంలో చాలాచోట్ల బల్బుకు మర ఉంటుంది, దాన్ని ఇ27 అంటారు. మన ఇళ్లలో పిన్నుల హోల్డర్, బి22. ఆర్డరులో ఆ ఒక్క ముక్క రాయకపోతే, వేల మరబల్బులు ఢిల్లీలో దిగుతాయి, వాటిని పెట్టే హోల్డరు కోసం మనిషి వెతుక్కుంటాడు.

గోడ అంచున దాచే స్ట్రిప్ లైట్ల విషయంలో బడిలో చదివిన ఓమ్ సూత్రం పనికొస్తుంది. మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ ఐదు మీటర్లు వేస్తే 72 వాట్లు. 12 వోల్టుల మీద అది 6 ఆంపియర్లు, 24 వోల్టుల మీద 3. తీగలో నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక రెండోదానిలో నష్టం నాలుగో వంతే. 12 వోల్టుల స్ట్రిప్ మొదట్లో పున్నమిలా, చివర్లో చవితి చంద్రుడిలా ఎందుకుంటుందో దీంతో తెలుస్తుంది. రాగి పలచగా పోసినచోట ఇంకా అన్యాయం.

కాగితాల దగ్గరికి వద్దాం. ఇక్కడే డబ్బు నిలువునా మునుగుతుంది. ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి నమోదు 2012లో ఉత్తర్వుగా వచ్చింది, 2014లో ఎల్ఈడీ దీపాలు, డ్రైవర్లు ఆ జాబితాలో చేరాయి. బల్బు భద్రతకు ఐఎస్ 16102, బిగించే ఫిట్టింగులకు ఐఎస్ 10322. ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదు చేసుకోవాల్సింది తయారీదారు, కొనేవాడు కాదు. విదేశీ కార్ఖానా అయితే ఇక్కడ ఒక అధీకృత ప్రతినిధి ఉండాలి. దీపం మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. అమ్మేవాడు "బీఐఎస్ ఉంది సార్" అని ఒక పత్రం ఫోనుకు పంపిస్తాడు. అది నిజమైనదే కావచ్చు, వేరే కార్ఖానాదో, వేరే బ్రాండుదో, వేరే మోడల్‌దో కావచ్చు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి, కార్ఖానా చిరునామా నుంచి మోడల్ నంబరు దాకా అక్షరం అక్షరం పోల్చుకోవాలి. సీఈ గుర్తు చూసి మురిసిపోవద్దు. అది ఐరోపా నిబంధనలకు తయారీదారు ఇచ్చుకునే హామీ. మన కస్టమ్స్ వారికి దానితో పనిలేదు. నమోదు లేని సరుకు రేవుకొస్తే దిగుమతిదారు దాన్ని వెనక్కి పంపాలి, లేదంటే అధికారులు పనికిరాకుండా పాడుచేసి తుక్కు కింద వదిలిస్తారు. ఒక్కో బల్బుకూ ఎంత బేరమాడి తగ్గించాడో ఆ తుక్కు గుట్టకు తెలియదు.

నియమం ఉందిగా, బజారు శుభ్రంగానే ఉంటుందనుకోకండి. దీపాల తయారీదారుల సంఘం ఎల్కోమా 2017లో బయటపెట్టిన నీల్సన్ సర్వేలో ఢిల్లీ, ముంబయి, అహ్మదాబాద్, హైదరాబాద్‌లలో 200 దుకాణాలు చూస్తే, 76 శాతం ఎల్ఈడీ బల్బు బ్రాండ్లు భద్రతా నిబంధనలకు నిలవలేదు. మన హైదరాబాదూ ఆ జాబితాలో ఉంది. తయారీదారుల సంఘం మాట కాబట్టి కాస్త స్వార్థం ఉండదా అంటే ఉంటుంది. అయినా సగానికి సగం కొట్టేసినా చిన్న సంఖ్య కాదు. చౌకైతే చెడ్డదేనన్న తీర్పు మాత్రం నేనివ్వను. ప్రభుత్వ ఉజాలా పథకం కోసం టోకున టెండర్లు పిలిచినప్పుడు 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర, రెండు మూడేళ్లలో 40 రూపాయల లోపుకి దిగింది. అక్కడ ధరతో పాటు ప్రమాణమూ టెండరులో రాసి ఉంది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో విశాఖ వీధిదీపాలను పడగొట్టాక సుమారు 90 వేల ఎల్ఈడీలు బిగించిందీ ఆ రకమైన కొనుగోలుతోనే.

బేరంలో చూసుకోవాల్సినవి కొన్ని గబగబా చెబుతాను. మాట్లాడుతున్నది కార్ఖానాతోనా, దళారీతోనా? దళారీ కావడం నేరం కాదు, కార్ఖానానని చెప్పుకోవడం నేరం. అడ్వాన్సు కంపెనీ పేరున్న ఖాతాకే పోవాలి. సరుకు తయారయ్యాక "మా బ్యాంకు మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి" అని మెయిలొస్తే, పంపకుండా పాత నంబరుకు ఫోను చేయండి. మధ్యలో ఎవడో మెయిల్ తెరిచి కూర్చున్నాడన్నమాట. ధర ఎఫ్ఓబీ అంటే ఓడెక్కించేదాకా. ఓడ కిరాయి, బీమా కలిపాకే మన సుంకం లెక్క మొదలవుతుంది. దాని మీద సర్‌చార్జి, ఆపైన 2022 జులై నుంచి ఎల్ఈడీలకు 18 శాతంగా ఉన్న జీఎస్టీ. రేవు నుంచి తుగ్లకాబాద్ కంటైనర్ డిపో దాకా రైలు కిరాయి వేరే. దీపావళి సరుకుకు దసరా ముందు మేల్కొంటే, అప్పటికి చైనాలో అక్టోబరు మొదటివారపు సెలవులు. వైఫై, బ్లూటూత్ ఉన్న దీపమైతే టెలికం శాఖ వారి రేడియో ఆమోదం కూడా కావాలి.

తనిఖీ సరుకు ఓడెక్కకముందే జరగాలి, అడ్వాన్సు పోగా మిగిలిన 70 శాతం డబ్బు మన దగ్గర ఉండగానే. ప్రతి బల్బూ చూడనక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటాం గానీ, గణితం కాస్త ఎక్కువ మెతుకులు అడుగుతుంది. ఐఎస్ 2500 పట్టిక ప్రకారం 1,000 దీపాల సరుకులో 80 తీసి చూడాలి. 2.5 శాతం హద్దు పెట్టుకుంటే, ఐదు చెడ్డవి దాకా సరుకు ఒప్పుకోవచ్చు, ఆరో చెడ్డది దొరికితే తిప్పికొట్టాలి. ఆ 80 పైవరస పెట్టెల్లోంచే కాకుండా, అడుగు నుంచి, మూలల నుంచి మనం చూపించినవే రావాలి. పోల్చుకోవడానికి, ఇద్దరూ సంతకాలు చేసి సీలువేసిన నమూనా ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ ఉండాలి.

ఇంత చేసినా ఒకటి మిగిలిపోతుంది. కొట్లో నలభై దీపాలున్నాయి, మూడేళ్లకు నాలుగు పోయాయి. అదే మోడల్, అదే 3,000 కెల్విన్ల రంగు, అదే కార్ఖానా. కొత్తవి బిగించగానే సీలింగ్ మీద నాలుగు మచ్చలు. పాతవి కొంచెం గులాబీ వైపు, కొత్తవి కొంచెం పచ్చవైపు. ఎవరి మోసమూ లేదు. పూతలో ఇసుమంత తేడా వచ్చినా తెలుపు జరుగుతుంది. కన్ను ఎంత తేడాను పట్టుకోగలదో 1942లో కొడాక్ శాస్త్రవేత్త డేవిడ్ మకాడమ్ కొలిచాడు. ఒకే మనిషిని కూర్చోబెట్టి సుమారు 25 వేలసార్లు రంగులు జతపరిపించి, ప్రతి రంగు చుట్టూ 'ఇంతవరకు తేడా తెలియదు' అని కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత గీశాడు. కార్ఖానాలు ఈనాటికీ చిప్పులను ఆ గుడ్లను ఆధారం చేసుకునే గంపలుగా వేరుచేస్తాయి. ఆ గంపను 'బిన్' అంటారు. నగల కొట్టుకు ఆ గుడ్ల కొలతలో మూడు మెట్లకు మించని బిన్ అడగాలి. ఒకే గది దీపాలన్నీ ఒకే బిన్ నుంచి రావాలి. నలభై కావాలంటే నలభై నాలుగు తెప్పించాలి. మిగిలిన నాలుగింటిని పెట్టెలో పెట్టి, పైన బిన్ నంబరు, తేదీ, ఏ గదివో మార్కరుతో తెలుగులోనో హిందీలోనో పెద్దక్షరాలతో రాసి అటక మీదికి ఎక్కించండి. మూడేళ్ల తర్వాత సోమవారం సెలవునాడు స్టూలెక్కే కుర్రాడు ఇప్పుడు పనిచేస్తున్న కుర్రాడు కాకపోవచ్చు.